కదలని పెట్రోలు ముల్లు

1998లో మా కంపెనీ నన్ను జీడిమెట్ల షెడ్డు నుంచి తీసి, మాదాపూర్ దారిలో కొత్తగా తెరిచిన కార్ల సర్వీస్ సెంటరుకు వర్క్స్ మేనేజరుగా వేసింది. జీడిమెట్లలో నా చేతికి వచ్చినవన్నీ లారీలు, ఫ్యాక్టరీ వ్యాన్లు. ఇక్కడ లోకమే వేరు. ఒకపక్క గుట్టలు పేలుస్తున్నారు, మరోపక్క అద్దాల మేడలు లేస్తున్నాయి. ఆ మేడల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు, ఆ కంపెనీల గుమ్మాల ముందు నెల కిరాయికి తిరిగే కార్లు. రాళ్ల దుమ్ము పుణ్యమా అని మాకు పనికి కొదవ లేదు.

సర్వీస్ సెంటరులో వర్క్స్ మేనేజరు చేసేది పెద్ద పనేమీ కాదు. కారు రాగానే ఫిర్యాదు విని, జాబ్ కార్డు రాయించి, ఎలక్ట్రీషియనుకో మెకానిక్కుకో అప్పగించాలి. పని పూర్తయ్యాక తానే నడిపి చూసి సంతకం పెట్టాలి. నాకు చిరాకు తెప్పించేది ఒక్కటే. కారు తెచ్చినవాళ్లు జబ్బుతోపాటు మందు కూడా వాళ్లే చెప్పేవారు. ఆక్సిలరేటరు పట్టేసింది, కేబులు మార్చేయండి అనేవారు. అన్నీ తెలిసినవాళ్లు నా దగ్గరికెందుకొచ్చారో నాకు అర్థమయ్యేది కాదు.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక ఉదయం ప్రసాద్ గారని ఒకాయన తెల్ల కారులో వచ్చారు. ఆయన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రవాణా వ్యవహారాలు చూసే అధికారి. కాకినాడ మనిషి, మాట మెత్తన. కారు మాత్రం కంపెనీది కాదు. దాన్ని నడుపుతున్న యాదగిరిదే. నల్లగొండ వైపు నుంచి వచ్చి, ఫైనాన్సు మీద కారు కొని, ఆ కంపెనీకి కాంట్రాక్టు మీద తిప్పుతున్నాడు.

ఫిర్యాదు ప్రసాద్ గారే చెప్పారు. పెట్రోలు మీటరు ముల్లు నెలల తరబడి పావు ట్యాంకు దగ్గరే నిలబడి ఉందట. బేగంపేట విమానాశ్రయానికి తీసుకెళ్తున్న విదేశీ అతిథి ఒకాయన అది చూసి, దారిలో ఆగిపోతామేమోనని కంగారుపడి, ఆ సంగతి పైవాళ్ల చెవిన వేశాడట. "మీటరు బాగు చేయించకపోతే కాంట్రాక్టు తీసేయమంటున్నారండీ. ఇతను ఎన్నిసార్లు చెప్పినా రేపు, మాపు అంటున్నాడు. అందుకే నేనే దగ్గరుండి తీసుకొచ్చాను" అన్నారు.

యాదగిరి ఒక పక్కగా నిలబడి, "గా ముల్లు ఎప్పటిసందో ఖరాబుంది సార్. కొత్త మీటరేసి ఇయ్యున్రి, అయిపాయె" అన్నాడు. మళ్లీ మందు చెప్పే రకమే అనుకుని నేను విసుక్కున్నాను.

పెట్రోలు మీటరు సంగతి చాలా తేలిక. ట్యాంకులో ఒక తేలుడు బుడ్డి ఉంటుంది. పెట్రోలుతోపాటు అది లేస్తుంది, దిగుతుంది. దాని కదలికను ఒక వైరు డ్యాష్‌బోర్డులోని ముల్లుకు చేరవేస్తుంది. ముల్లు కదలడం లేదంటే లోపం మీటరులోనో, వైరులోనో, ట్యాంకులోనో ఉండాలి. ఎక్కడుందో తేల్చడానికి ఆ రకం కార్లలో ఒక పద్ధతి ఉంది. తాళం తిప్పి ఉంచి, మీటరుకు వచ్చే వైరును ఊడదీసి కారు బాడీకి ముట్టించాలి. ముల్లు నిండు ట్యాంకు దాకా లేస్తే మీటరు మంచిదే. ఆ తరువాత ట్యాంకు దగ్గర కూడా అదే పని చేయాలి. ముట్టించినప్పుడల్లా చిన్న నిప్పురవ్వ వస్తుంది. ఆవగింజంత.

మా ఎలక్ట్రీషియన్ సలీం ముందు డ్యాష్‌బోర్డు కింద దూరి మొదటి పరీక్ష చేశాడు. ముల్లు చక్కగా లేచింది. అక్కడ అదనంగా బిగించిన స్విచ్ ఒకటి కనిపించింది కానీ, పొగమంచు లైట్లదై ఉంటుందనుకున్నాం. డ్యాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ, దాని ముందు అగరబత్తుల గుచ్చు, చుట్టూ బూడిద. మీటరు ఫిర్యాదుకు బానెట్ ఎత్తే అవసరం లేదు కాబట్టి ఎత్తలేదు.

ఇక వైరు, ట్యాంకు మిగిలాయి. వైరు డిక్కీ లోంచి వెళ్తుంది. సలీం డిక్కీ తెరవమన్నాడు. యాదగిరి, తాళంచెవి ఇంటి దగ్గర మరిచిపోయానన్నాడు. "ఫికర్ నై, ఎన్క సీటు లేపితే ట్యాంకు కాడనే చూడొచ్చు" అన్నాడు సలీం. ప్రసాద్ గారిని ముందు సీట్లో కూర్చుని ముల్లు లేస్తే చెప్పమన్నాను. నేను వెనక తలుపు దగ్గర వంగి నిలబడ్డాను. సలీం సీటు లేపి, కింది మూత తీసి, ట్యాంకు వైరు ఊడదీశాడు. "తాళం తిప్పుండ్రి సార్" అన్నాడు. ప్రసాద్ గారు తిప్పారు. సలీం వైరు కొసను బాడీ బోల్టు దగ్గరికి తీసుకెళ్తున్నాడు.

"సలీం భాయ్, ఆగు! వైరు ముట్టియ్యకు! నీ ఎన్క డిక్కీల గ్యాసు బండ ఉన్నది!"

అది యాదగిరి కేక. ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక పంచప్రాణాలూ పైకే పోయాయి. గ్యాసు కారితే గాలికన్నా బరువుగా కిందికి దిగి, పల్లంలో పేరుకుంటుంది. సలీం చేయి ఉన్నది సరిగ్గా ఆ పల్లంలోనే.

ఇలాంటప్పుడు ఎవరికైనా ముందు తాళం కట్టేయాలనిపిస్తుంది. అదీ ప్రమాదమే. స్విచ్ వేసినా, ఆపినా లోపల రవ్వ పుడుతుంది. ప్రసాద్ గారి చేయి తాళం మీదికి వెళ్లడం చూసి, "ముట్టుకోకండి! ఏదీ ముట్టుకోకుండా దిగండి!" అని అరిచాను. కారు నిలిపి పనిచేసే పక్క బేలో సొట్టలు తీసే టింకరింగు వాళ్లు వెల్డింగు చేస్తున్నారు. వాళ్లను ఆపమని కేకలేశాను. సలీం వైరు కొసను వేళ్ల మధ్య అలాగే పట్టుకుని, మరో చేత్తో జేబులోంచి టేపు తీసి, పళ్లతో కొరికి చుట్టాడు. తరువాత నాలుగు తలుపులూ బార్లా తీసి, అందరం కలిసి కారును ఆరుబయటికి తోశాం.

యాదగిరి బనీను లోపలి నుంచి డిక్కీ తాళంచెవి తీశాడు. తెరిస్తే పాత రగ్గు కింద ఎర్రటి వంటింటి సిలిండరు. దానికి వంటింటి రబ్బరు గొట్టం, గొట్టం అతుకు దగ్గర బిగించి చుట్టిన సైకిలు ట్యూబు ముక్క. గుప్పున వాసన కొట్టింది. షెడ్డులో పెయింటు, థిన్నరు వాసనల మధ్య మా ముక్కులకు అందలేదంతే. సిలిండరు మూసి, గాలి బాగా ఆడాక, అతుకు మీద సబ్బు నీళ్లు పోసి ఒక్కసారి గ్యాసు వదిలి చూశాం. అన్నం ఉడికినట్టు బుడగలు వచ్చాయి.

కారు పెట్రోలుతో నడవడం లేదు. గ్యాసుతో నడుస్తోంది. మేం పొగమంచు లైట్లదనుకున్న స్విచ్ పెట్రోలు నుంచి గ్యాసుకు మార్చేది. ఆ రోజుల్లో కొండాపూర్ కార్ల స్టాండులో చాలామంది పెట్రోలు కన్నా చవకని చాటుగా ఇదే పని చేసేవారని తరువాత తెలిసింది. యాదగిరి డిక్కీలో ఉన్నది వాళ్లింటి సిలిండరే. "ఇంట్ల మా ఆమె కట్టెల పొయ్యి మీదనే వండుతది సార్. కారు కిస్తి కట్టాలె గద" అన్నాడు తల దించుకుని. ముల్లు కదలడం లేదేమని మొదటిసారి ఎవరో అడిగినప్పుడు, అది ఖరాబైందని అబద్ధం చెప్పాడు. చివరికి ఆ అబద్ధమే అతన్ని నా షెడ్డుకు తీసుకొచ్చింది.

ప్రసాద్ గారు గోడ పక్కన టైర్ల మీద కూలబడిపోయారు. నీళ్లిస్తే గ్లాసు పట్టుకున్నారు గానీ తాగలేదు. "మా ఇద్దరాడపిల్లల్నీ రోజూ ఇందులోనే స్కూల్లో దింపిస్తున్నానండీ. ఆ వెనక సీట్లోనే కూర్చుంటారు" అన్నారు. ఆయన చూపు ముందు అద్దంలోంచి దేవుడి బొమ్మ మీదికి పోయింది. "పొద్దున్నే పిల్లలు ఎక్కేసరికి అగరబత్తులు వెలిగించి ఉంచేవాడండీ. ఎంత భక్తిపరుడోనని మా ఆవిడ కూడా మెచ్చుకునేది."

యాదగిరి నేల చూపులు చూస్తూ, "భక్తికి కాదు సార్, వాసన రావొద్దని" అన్నాడు.

నలభై ఏళ్లు షెడ్డుల్లో బతికాను. బ్రేకులు తెగిన లారీలు చూశాను, ఇంజనులో మంటలు చూశాను. ఆ ఒక్క మాటకు కొట్టుకున్నట్టు నా గుండె ఎప్పుడూ కొట్టుకోలేదు. గ్యాసు కారుతున్న కారులో, పిల్లల ముందు, రోజూ నిప్పు వెలిగించాడు. అదీ జాగ్రత్త అనుకునే వెలిగించాడు.

కాంట్రాక్టు ఆ రోజే పోయింది. ప్రసాద్ గారు ఆటో ఎక్కి వెళ్లిపోయారు. వెళ్లేముందు యాదగిరితో, "నువ్వు అరవకపోతే నేను ఇప్పుడిలా నిలబడి ఉండేవాణ్ని కాదు. కానీ నా పిల్లల్ని నీ బండి ఎక్కించలేను" అన్నారు. యాదగిరి చేతులు జోడించాడు గానీ బతిమాలలేదు. నోరు తెరిస్తే తన కాంట్రాక్టు పోతుందని, తెరవకపోతే మా ప్రాణాలు పోతాయని అక్కడున్నవాళ్లలో ముందుగా తెలిసింది అతనొక్కడికే.

గ్యాసు సరంజామా అంతా ఊడదీయించి, ఆ కారును పెట్రోలు మీద మణికొండ దాకా నేనే నడిపాను. వెళ్లి వచ్చేసరికి ముల్లు పావు నుంచి ఓ వెంట్రుకవాసి కిందికి దిగింది. జాబ్ కార్డులో "మీటరు, వైరు, ట్యాంకు సక్రమం" అని రాసి సంతకం పెట్టాను.

ఆ మరునాటి నుంచి మా సెంటరులో రెండు నియమాలు పెట్టాను. డిక్కీ తాళం లేని కారు బేలోకి రాకూడదు. ట్యాంకు వైరు ముట్టుకోబోయే ముందు, బండి దేనితో నడుస్తోందో కళ్లతో చూడాలి. కొత్త మెకానిక్కులు రెండోదానికి నవ్వేవారు. ముల్లు కదలకపోతే ముల్లే చెడిందని ఆ రోజు మేమందరం నమ్మాం. దానికి కదిలే పనే పడలేదని, అది చూపించిందంతా నిజమేనని ఎవరికీ తోచలేదు.