ఏడో రాయి

దయ్యాల కథలు చెప్పేవాళ్ళ మీద నాకు మొదటి నుంచీ కోపమే. పిల్లలకు జ్వరమొస్తే నిమ్మకాయ తిప్పేవాళ్ళతో ఊళ్ళో ఎన్నోసార్లు పోట్లాడాను. చర్చిలో ఎవరైనా తమకొచ్చిన కలను సాక్ష్యంగా చెప్తుంటే లేచి బయటికొచ్చేసిన రోజులున్నాయి. డెబ్భై రెండేళ్ళొచ్చినా ఆ కోపం తగ్గలేదు. అందుకే ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. మానేశాననడం తప్పు, మాన్పించారు. మీ పేట పిల్లలకు ఇంత చదువు చాలన్న పంతులు ముఖం నాకిప్పటికీ గుర్తే. తర్వాత చదివిందంతా నా సొంతం. బజ్జీలు చుట్టిన కాగితం, ఎరువు బస్తా మీది రాత, ఏదీ వదల్లేదు.

ఆ కాగితాలు ఏరి తెచ్చేది మా అక్క సారమ్మ. నాకంటే పదేళ్ళు పెద్ద. అమ్మ పోయాక నన్ను సాకింది ఆమే. ఆమెకు అక్షరం రాదు. నేను చదువుతుంటే వినేది. విన్నది మరిచేది కాదు.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు, కల్లూరు దగ్గర కాలువ తవ్వే పనిలో అక్కకు ఒక రాయి దొరికింది. చిటికెన వేలంత పొడుగు, పలకగా, నీలి రంగులో ఉంది. ఒక కొస విరిగింది. తెచ్చి నా చేతిలో పెట్టి, "చదువుతవు గద తమ్మీ, గిదేందో చెప్పు" అంది.

నాకు తెలియదు. తెలియదనడానికి నోరు రాలేదు. "నీలం అక్కా. ఉంగరాల్ల పెడ్తరు" అన్నాను.

అక్క నమ్మింది. నాకు చెప్పకుండా ఖమ్మం బస్సెక్కి ఒక రాళ్ళ వ్యాపారి దగ్గరికి పోయింది. అతను సూదితో రాయి మీద పొడుగునా ఒక గీత గీశాడు. గీత పడింది. నీలం మీద సూది గీత పడదని చెప్పి, దుకాణంలో ఉన్న నలుగురి ముందూ నవ్వి పంపించాడు.

ఇంటికొచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం పెడుతూ చెప్పింది. "ఆయన ఒక్క దిక్కే గీసిండు తమ్మీ. అడ్డంగ గీయమంటె గీయలే. అడ్డంగ గీస్తె గీత పడదు, కొడవలి మొనతోటి నేను చూసిన. రాయి మంచిదే. ఆయనకే తెల్వది."

తల వంచుకుని తిన్నాను. తెలియనిది నాకని ఆ రోజూ చెప్పలేదు. చెబుదాం, చెబుదాం అనుకుంటూనే యాభై ఏళ్ళు గడిచాయి. ఆమె ఆ రాయిని గుడ్డలో చుట్టి దిండు కింద పెట్టుకునేది.

మూడేళ్ళ కింద అక్క దవాఖానాలో పోయింది. పెట్టెలో ఆమె కుడి అరచేతిలో ఆ రాయి పెట్టి వేళ్ళు మూసింది నేనే. మూతకు మేకులు కొట్టింది నా కళ్ళ ముందే. భద్రాచలం పోయే దారిలో, టేకు చెట్లు మొదలయ్యే చోట ఉంది మా సమాధుల తోట. పైన సిమెంటు పలక వేయించాను.

ఆ మరుసటి ఏడు దూరవిద్య డిగ్రీలో చేరాను. పది, ఇంటరు ఓపెన్లో ఎప్పుడో రాసిపెట్టుకున్నవే. ఈ వయసులో భూగర్భశాస్త్రం ఎందుకని అందరూ అడిగారు. ఎవరికీ చెప్పలేదు. ఆదివారం క్లాసులకు పొద్దున్నే తల్లాడ నుంచి బస్సు. మొదటి రోజు గుమ్మంలో ఒక సారు, మనవరాలిని దింపడానికొచ్చారా అనడిగాడు. అడ్మిషన్ కార్డు తీసి ఆయన ముఖానికి ఎదురుగా పట్టుకున్నాను.

ఖనిజాల పాఠంలో ఒక పేరు దగ్గర ఆగిపోయాను. కయనైట్. నీలి రంగు, పొడుగాటి పలకలు. పొడుగునా గీస్తే చాకుకు లొంగుతుంది, అడ్డంగా గీస్తే లొంగదు. మన ఖమ్మం చుట్టుపక్కల కూడా దొరుకుతుందని మేడమ్ చెప్పింది. పుస్తకాలు రాసినవాళ్ళు ఏ పరికరాలతో తేల్చారో గానీ, మా అక్క కొడవలితో తేల్చింది. ఆమెను చూసి నవ్విన ఆ నలుగురిని పిలిచి ఆ పేజీ చదివించాలనిపించింది.

కానీ రాయి నా చేతిలో లేదు. పరీక్షించకుండా పేరు పెడితే మళ్ళీ ఆ పాత తప్పే. సమాధి దగ్గర నిలబడి మట్టితో మాట్లాడటం నా పద్ధతీ కాదు. ఆ పేరు నా దగ్గరే ఉండిపోయింది.

ప్రాక్టికల్ పరీక్ష పొద్దున పదకొండింటికి. కిటికీల నిండా ఎండ ఉంది. ట్రేలోని రాళ్ళను గుర్తించమని ప్రశ్న. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం, గార్నెట్, బెరైటీస్, హెమటైట్ వరసగా రాశాను. ఆ తర్వాత ఏడోది చేతిలోకి తీసుకున్నాను.

నీలిది. చిటికెన వేలంతది. ఒక కొస విరిగి ఉంది. పొడుగునా సన్నగా ఒక పాత సూది గీత. ల్యాబులో రాళ్ళన్నీ చల్లగా ఉన్నాయి. ఇది మాత్రం ఎవరో అప్పటిదాకా గుప్పిట్లో పట్టుకుని ఇచ్చినట్టు వెచ్చగా ఉంది.

భయం వేయలేదు. కిటికీ దగ్గరికి పోయి చాకుతో పొడుగునా గీశాను. పాత గీత పక్కన కొత్త గీత పడింది. అడ్డంగా గీశాను. పడలేదు. వచ్చి కూర్చుని ఏడో నంబరు వేసి, కయనైట్ అని రాశాను. అప్పుడు నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"దీని పేరు కయనైట్ అక్కా. ఆ దినం నాకు తెల్వది. తెల్వదని చెప్పకపోతి."

బయటికొచ్చాక, నా పక్కన కూర్చున్న వేంసూరు అమ్మాయి అడిగింది. "ఎవలితోటి మాట్లాడినవ్ తాతా? ఆరు రాళ్ళకే గట్ల ఏడిస్తే, రేపు శిలాజాలు ఇస్తే ఏం జేస్తవ్?"

ఆరు కాదు, ఏడన్నాను. ఆరే అంది. కిటికీ దగ్గర నా చేతిలో ఏముందో తనకు కనపడలేదట, ఏదో పట్టుకున్నట్టే ఉందట.

వెనక్కి పోయి అటెండరును అడిగాను. ట్రే చూపించాడు. దానికి ఉన్నవే ఆరు గుంటలు. మరి ఏడో రాయిని నేను ఎక్కడి నుంచి తీశాను? అరవై ఏళ్ళ కింది పంతులు ముఖం గుర్తున్నవాణ్ణి, ఆ ఒక్క క్షణం నాకు గుర్తు లేదు. ల్యాబులో ఉన్న కయనైట్ అరచేతి మందాన పెద్ద ముక్క, అద్దాల బీరువాలో తాళం వేసి ఉంది. నా చాకు మొన మొద్దుబారింది. కానీ క్వార్ట్జ్ మీద కూడా గీశాను కాబట్టి అది సాక్ష్యం కాదు.

దిద్దిన పేపరును మేడమ్ నాకు చూపించింది. ఆరు జవాబులకు టిక్కులున్నాయి. ఏడో దాని పక్కన ఎర్ర సిరాతో, "ఈ నమూనా ఇవ్వలేదు" అని ఉంది. ఏడో జవాబు నా చేతిరాతే.

ఆ సాయంత్రం సమాధి దగ్గరికి పోయాను. సిమెంటు పలకకు బీట కూడా లేదు. ఒకసారి తవ్వి చూస్తే తేలిపోతుంది కదా అన్నాడు, నాతో వచ్చిన పాస్టరు గారి అబ్బాయి. వద్దన్నాను. పరీక్షించకుండా ఏదీ నమ్మని నేను, ఈ ఒక్కటి పరీక్షించను. అక్క గుప్పిట నేను మూసింది. మళ్ళీ తెరవను.

ఇది ఏమిటని ఇప్పుడు నన్నెవరైనా అడిగితే, నాకు తెలియదు. ఆ మాట అనడానికి ఇన్నాళ్ళకు నోరొచ్చింది.