హెడ్మాస్టరు మూసుకున్న తలుపు

టీచర్ల బదిలీలకు కౌన్సెలింగ్ వచ్చిన కొత్తలో, బళ్లలో పనిచేసే వాతావరణం ఎలా ఉందో అక్కడివాళ్ల నోటనే విని రాయమన్నారు మా ఎడిటర్. పెనుకొండ పక్క ఊళ్లో ఒక హైస్కూలును ఎంచుకున్నాను. ముందురోజు హిందూపురంలో పని ఉండి బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను. శనివారం పొద్దున ఏడున్నరకు ప్యాసింజరెక్కాను. ఈ దారిన పోయేవాళ్లు టిఫిను హిందూపురంలోనే ముగించుకోవడం మంచిది. పెనుకొండ స్టేషన్లో నాకు టీ తప్ప ఏమీ దొరకలేదు.

ఎదుటి సీట్లో ఆ బడి లెక్కల టీచరు సుజాత, తెలుగు పండితుడు ఓబులేసు కలిశారు. రోజూ ఆ బండిలోనే పోతారట. మీ బడి ఎలా ఉందని అడిగాను.

“బడికేం సార్, పిల్లోళ్లు బంగారం,” అన్నారు సుజాత. “మా హెడ్మాస్టరుతోనే కష్టం. మధ్యాహ్నం గంట కొడతానే గది తలుపేసుకుంటాడు. మాతో కూచుని ఒక్క దినం తిన్నది లేదు. మా మింద ఏం కోపమో! ఈసారి కౌన్సెలింగ్‌లో యాడికైనా పోతా.”

ఓబులేసు నావైపు వంగారు. “ఆయమ్మ పోతే పదో తరగతికి లెక్కలు చెప్పేదానికి ఎవురూ రారు సార్. ఇంతకుముందు ఏడాదంతా ఆ పోస్టు ఖాళీనే.”

పెనుకొండలో దిగి, వాళ్లతోపాటే ఆటోలో ఇరుక్కుని బడికి చేరాను. హెడ్మాస్టరు రామాంజనేయులుగారిది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. వారమంతా ఇక్కడే గది తీసుకుని ఉండి శనివారం సాయంత్రం ఇంటికి పోతారు. ఉదయమంతా తరగతులు తిప్పి చూపించారు. మధ్యాహ్నం గంట కాగానే నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేసి, హోటలు నుంచి తెప్పించిన క్యారియరు విప్పారు. ఆయన్నీ అదే ప్రశ్న అడిగాను.

“మావాళ్లు బాగా పనిచేస్తారప్పా. నేనంటేనే గిట్టదు,” అన్నారు. “చేరిన కొత్తలో క్యారియరు తీసుకొని స్టాఫ్ రూముకు పోతి. అడుగుపెడతానే మాటలు బంద్. అందరూ లేచి నిలబడిరి. అన్నం తినేటప్పుడన్నా వాళ్లను నెమ్మదిగా ఉండనీలే అని, అప్పట్నుంచి ఈడ్నే తింటాండా.”

ఒకరి మాట ఇంకొకరికి మొయ్యకపోవడం విలేకరికి నియమం. ఆ పూట దాన్ని పక్కన పెట్టాను.

“మీరు కోపంతో తలుపేసుకుంటున్నారని అనుకుంటున్నారు సార్ వాళ్లు.”

“కోపమా? నాకా?”

గిన్నెలు మళ్లీ పేర్చి, చేత పట్టుకుని లేచారు. నేను వెనకే నడిచాను.

స్టాఫ్ రూములో మాటలు ఠక్కున ఆగిపోయాయి. అందరూ ఎంగిలి చేతులతోనే లేచి నిలబడ్డారు. ఆయన గడప మీదే ఆగిపోయారు. వెనక్కి తిరుగుతారేమోనని నాకు భయం వేసింది.

“చూడప్పా, నేనొచ్చినాననే కదా మాటలు ఆపేసిరి?” అన్నారు నాతో.

“మీ గురించే మాట్లాడుకుంటాంటిమి సార్, ఆపక ఏం జేయాల!” అన్నారు ఓబులేసు.

ముందు నవ్వింది హెడ్మాస్టరే. ఆ తర్వాత గదంతా నవ్వింది. సుజాత కుర్చీ జరిపి, ఆయన పప్పు రుచి చూసి మొహం చిట్లించారు. “ఈ నీళ్లు తాగి బతుకుతాండారా సార్ ఇన్నాళ్లూ!” ఆమె డబ్బాలోని వంకాయ కూర సగం ఆయన గిన్నెలో పడింది.

సాయంత్రం అందరం కలిసే స్టేషనుకు వచ్చాం. హిందూపురం బండి ముందొచ్చింది. కదిలేటప్పుడు సుజాత కిటికీలోంచి కేకేశారు: “సార్, కౌన్సెలింగ్‌కు నేను పోనులే!” హెడ్మాస్టరు చెయ్యెత్తారు.

ధర్మవరం వైపు పోయే మా బండిలో ఆయన కిటికీకి తల ఆనించి వెంటనే నిద్రపోయారు. ఇలా ఒకరినొకరు తప్పుగా అనుకుంటూ నడుస్తున్న బళ్లు ఈ లైను పొడుగునా ఇంకెన్ని ఉన్నాయోనని ఆలోచిస్తూ కూర్చున్నాను. ధర్మవరంలో తట్టి లేపితే, సంచి కూడా వెతుక్కోకుండా అడిగారు:

“పదో తరగతికి లెక్కల టీచరు ఉన్నట్టే కదప్పా?”

“ఉన్నట్టే సార్,” అన్నాను.