పెంటగుంట నీళ్ళలో యూగ్లీనా

డెబ్బైల చివర్లో వరంగల్లోని ఒక కాలేజీలో జువాలజీ డెమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. మా వంశంలో జీతానికి పనిచేసిన మొదటివాణ్ణి నేనే. భూములు పోయాయి, దొరలుగా ఏలిన గడీ పోయింది, నడుము వంచని అలవాటు మాత్రం పోలేదు. ఉద్యోగం ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ప్రాక్టికల్ పరీక్షకు బయటి ఎగ్జామినర్ వచ్చేసరికి బతికున్న యూగ్లీనాలు, కంటికి ఆనని ఆ నీటి సూక్ష్మజీవులు, సిద్ధంగా లేకపోతే ఇక రానక్కర్లేదని మా హెడ్డు ముందే చెప్పాడు.

పరీక్షకు ముందురోజు పొద్దున్నే సైకిల్ మీద చెరువుకు వెళ్ళాను. మెట్ల మీద నిలబడి, పంట్లాం తడవకుండా, అద్దంలాంటి నీళ్ళు సీసా నిండా ముంచి తెచ్చాను. గుడ్డతో వడపోయందే చెంబులోకి కూడా నీళ్ళు పోయని ఇంట్లో పెరిగినవాణ్ణి. మైక్రోస్కోపు కింద ఎన్ని చుక్కలు పెట్టి చూసినా ఏదీ కదల్లేదు.

ల్యాబ్ అటెండరు ఒక పెద్ద వయసు సాయిబు. మా తాత రోజులు ఎరిగినవాడు. సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, మీసాల్లో నవ్వుకున్నాడు.

“ఇవి తాగే నీళ్ళు దొరా. మీకు గావల్సినయి బర్రెలు గూడ తాగయి.”

మట్టెవాడలో ఒక బర్రెల కొట్టం వెనక్కి తీసుకుపోయాడు. పేడనీళ్ళు నిలిచిన గుంట, చిక్కటి ఆకుపచ్చ. ఆయన ముంచుతాడేమోనని చూశాను. సీసా నా చేతికిచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కొట్టం ఆమె నన్ను గుర్తుపట్టింది. ఆమె అత్తామామలు ఒకప్పుడు మా పొలాల్లో పనిచేసినవాళ్ళు.

“పాలు గావాల్నంటే పోస్త గద దొరా, ఈ నీళ్ళెందుకు?” అంది.

మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి మోచేతి దాకా ముంచాను.

ల్యాబ్‌లో ఆయన సీసాకు నల్లకాగితం చుట్టి, వేలంత సందు వదిలి, ఆ సందును కిటికీవైపు తిప్పి పెట్టాడు. మధ్యాహ్నానికి ఆ సందు దగ్గర పచ్చటి గీత కట్టింది. వెలుతురు కోసం అవన్నీ అక్కడికి చేరాయి. అక్కడి చుక్క తీసి చూశాను. నూలుకండె ఆకారంలో, ఒక్కొక్కటి ఒకే కణం, ముందుకొసన ఎర్రటి కంటిచుక్క. వెలుతురు బాగా తగ్గించాక ముందున్న కశాభం కూడా కనిపించింది, కొరడాలాంటి సన్నటి పోగు. మా గడీలో కొరడా ఇంకొకరిని నడిపించడానికే ఉండేది. ఇది తన కొరడా తానే ఆడించుకుంటూ, ఒళ్ళు మెలితిప్పుకుంటూ నీళ్ళను చీల్చుకుపోతోంది. కాలు లేదు, రెక్క లేదు, మెదడు లేదు. అంత హుందాగా కదిలే ప్రాణిని నేనంతవరకు చూడలేదు. గంటసేపు తల ఎత్తలేకపోయాను.

మర్నాడు ఎగ్జామినర్ వరసగా నాలుగు మైక్రోస్కోపుల్లో చూసి, ఇంత చురుకైనవి ఎవరు తెచ్చారని అడిగాడు. చోటు చూపించింది అటెండరు, గుంటలో చెయ్యి పెట్టింది నేను అని చెప్పాను. సాయంత్రం హెడ్డు వచ్చేవారం క్లాసుకు పారమీసియం అనే ఇంకో ఏకకణ జీవిని సిద్ధం చెయ్యమన్నాడు. అంటే వచ్చేవారం కూడా నేను ఉంటాను.

వరండాలో పెద్దాయన్ని మొదటిసారి చాచా అని పిలిచి, పారమీసియం ఏ గుంటలో దొరుకుతుందని అడిగాను.

“గుంట గాదు దొరా,” అన్నాడు. “నీళ్ళల్ల ఎండుగడ్డి నానబెట్టాలె, అండ్లనే పుడ్తయి.”