బసవయ్య హ్యాండిల్ తీసుకోని ఉదయం

1957లో నేను గుంటూరులో ఒక ప్రైవేటు బస్సు సర్వీసులో ట్రాఫిక్ సూపర్వైజరుగా ఉండేవాణ్ణి. పేరు పెద్దదే గాని పని ఇంతే: తెల్లవారగానే షెడ్డుకు వెళ్లి, ఏ బండి ఏ రూటుకు వెళ్లాలో, దాన్ని ఎవరు నడపాలో తేల్చడం. షెడ్డుకు ఒక పక్క పత్తి మిల్లు, ఇంకో పక్క మిర్చి కొట్లు. కొన్నాళ్లు దూది ఎగిరేది, కొన్నాళ్లు ఘాటు కమ్మేది. ఇప్పటికీ ఎక్కడైనా ఎండుమిరపకాయల బస్తా విప్పితే నాకు వంటిల్లు కాదు, బస్సు షెడ్డే గుర్తొస్తుంది.

అప్పటి బస్సులు స్విచ్చి నొక్కితే కదిలేవి కావు. ముందు పొడుచుకొచ్చిన ఇంజను కింద కన్నంలో వంకర ఇనుప కడ్డీ దూర్చి, ఒంట్లో సత్తువంతా పెట్టి తిప్పాలి. దాన్ని హ్యాండిల్ అనేవాళ్లం. అన్ని బళ్ల హ్యాండిళ్లూ నా గదిలో గోడకు ఆనించి ఉండేవి. డ్రైవరు వచ్చి హ్యాండిల్ తీసుకున్నాడంటే ఆ రోజుకు బండీ, అందులో ఎక్కిన జనమూ ఆయన బాధ్యత.

బసవయ్యది పర్చూరు మీదుగా చీరాల వెళ్లే బండి. నాకంటే పదేళ్లు పెద్ద. బిగ్గరగా మాట్లాడే మనిషి, చెయ్యి మాత్రం మెత్తన. గర్భిణీ స్త్రీలు ఆయన బండి కోసం ఆగి మరీ ఎక్కేవాళ్లు. అలాంటివాడు ఆ ఏడు శ్రావణమాసంలో, పర్చూరు దాటాక, వానకు నానిన రోడ్డు దిగి బస్సును కాలవ గట్టుకు గుద్దాడు. ఎవరూ చనిపోలేదు. చీరాల నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్ముకునే రత్తమ్మ అనే పెద్దావిడకు మణికట్టు విరిగింది.

పోలీసులు బసవయ్యను ఆసుపత్రికి తీసుకెళ్లి మెడికల్ టెస్ట్ చేయించారు. అంటే యంత్రాలేమీ లేవు. డాక్టరు నోరు తెరిపించి వాసన చూస్తాడు, కళ్లలో టార్చి వేస్తాడు, నేల మీద సుద్దముక్కతో గీత గీసి దాని మీద నడవమంటాడు. బసవయ్య ఆ గీత మీద తప్ప గది అంతా నడిచాడు. అవి మద్యనిషేధం ఉన్న రోజులు. చట్టం ప్రకారం మన జిల్లాలో మద్యం లేదు. ఊరి చివర జొన్నచేల చాటున సారా కుండలు మాత్రం నిశ్చింతగా ఉడుకుతుండేవి. జరిమానా పడింది. లైసెన్సు కొన్ని నెలలు సస్పెండ్ అయింది.

కార్తీకంలో లైసెన్సు తిరిగొచ్చింది. బండి తిరిగి రావడం వేరే సంగతి. మా యజమాని పున్నయ్య గారు దైవభక్తుడు. ప్రతి శుక్రవారం బస్సులకు గుమ్మడికాయ కొట్టించేవారు. బ్రేకులకు కొత్త లైనింగ్ వేయించమంటే మాత్రం వచ్చే నెల చూద్దామనేవారు.

"మంగళగిరి కొండెక్కి, వెలిగించిన కర్పూరం అరచేత్తో ఆర్పి, ఇక తాగనని ప్రమాణం చెయ్యమను. స్టీరింగు ఇచ్చేస్తాను" అన్నారాయన.

అప్పటికి నేను వారం వారం సభల్లో మూఢనమ్మకాల మీద గొంతు చించుకునేవాణ్ణి. ఊరుకుంటానా?

"కర్పూరం ఆర్పితే చెయ్యి కాలుతుందండి. తాగుడు ఎట్లా ఆగుతుంది?"

"నీతో ఇదే చిక్కయ్యా. దేవుడు లేడంటావు, డ్రైవర్ని మాత్రం గారూ అని పిలుస్తావు!"

గుమ్మం దగ్గర నిలబడ్డ బసవయ్య అప్పుడు నోరు విప్పాడు.

"ప్రమాణాలు నాకు కొత్తగాదండి. కోటప్పకొండ మీద ఒకటి చేశా, మా అమ్మ నెత్తి మీద చెయ్యేసి ఇంకోటి చేశా. అయినా మంగళగిరి సామి మనం పోసిన పానకంలో సగమే తాగి సగం తిరిగి ఇచ్చేస్తాడంట గదా. నేనట్టా సగంలో ఆగే మనిషిని గాదండి. నా చేత అక్కడ ప్రమాణం చేయించబాకండి."

పున్నయ్య గారికి నవ్వు ఆగలేదు. ఆ నవ్వు చల్లారకముందే నా ఉపాయం చెప్పాను. రోజూ హ్యాండిల్ ఇచ్చేముందు నేనే ఊపిరి వాసన చూస్తాను, సుద్దగీత మీద నడిపిస్తాను. ఆయనొక్కడికే కాదు, డ్రైవర్లందరికీ. ఒక్కడికి పెడితే అవమానం, అందరికీ పెడితే పద్ధతి. పున్నయ్య గారు ఒప్పుకున్నారు గాని ఒక షరతు పెట్టారు: బసవయ్య ఇంకొక్కసారి తాగాడని తెలిస్తే గేటు బయటే.

మొదటి వారం షెడ్డంతా గోల.

"ఒరేయ్ బసవా, నీ మూలాన మా నోళ్లన్నీ ఈయనకి అప్పజెప్పాల్సొచ్చిందిరా!"

"పళ్లు తోముకుని రండ్రా, పాపం ఆయన పడిపోతాడు!"

బసవయ్య మొదటి రోజు బండి తీస్తుంటే రత్తమ్మ తట్టతో సహా ఎక్కింది. అతుక్కున్న మణికట్టు కొంచెం వంకర. దాన్ని ఆయన ముందు ఆడించి, "రెండోది బాగానే ఉంది బసవయ్యా. దాన్నన్నా ఉండనియ్యి" అంది. ఆయన తల వంచుకుని క్లచ్చి తొక్కాడు. పున్నయ్య గారు చక్రం కింద పెట్టించిన నిమ్మకాయ మీదుగా బండి బయలుదేరింది. నేను అభ్యంతరం చెప్పలేదు. బసవయ్య తాగలేదని అప్పటికే చూసుకున్నాను గదా.

చలికాలమంతా సజావుగా గడిచింది. ఫాల్గుణం వచ్చింది, ఊళ్లోకి మిర్చి బళ్లు దిగాయి. పక్క కొట్లలో బస్తాలు దులుపుతుంటే షెడ్డులో ఒకళ్ల మాట ఒకళ్లకు వినపడేది కాదు, అన్నీ తుమ్ములే. నా ముక్కు మూసుకుపోయింది. కాఫీ వాసనే తెలియనివాడికి సారా వాసన ఏం తెలుస్తుంది? నా శాస్త్రీయ పద్ధతి గుంటూరు మిరపకాయ ముందు ఓడిపోయింది. అయినా రోజూ నోళ్లు తెరిపిస్తూనే ఉన్నాను, తల ఊపుతూనే ఉన్నాను.

అలాంటి ఒక ఉదయం బసవయ్య వచ్చాడు. ఊపిరి వదిలాడు. నాకేమీ తెలియలేదు. గీత మీద తిన్నగా నడిచాడు. హ్యాండిల్ తీసి అందించాను. ఆయన చెయ్యి చాచలేదు.

"అది మీ దగ్గరే ఉంచండి. నిన్న మార్టూరులో మా బావమరిది పెద్దకర్మ. పొద్దుపోయేదాకా తాగాను. గీత మీద నడిచాను గాని, ఒళ్లు నా చేతిలో లేదు. నాకు తెలుస్తానే ఉంది."

"నాకు వాసన రాలేదు బసవయ్య గారూ."

"మీకు రాదని తెలుసండి. వారం నుంచీ చూస్తన్నాగా. అందుకే చెప్పాల్సొచ్చింది."

ఆ మాటతో ఆయన ఉద్యోగం పోయినట్టే. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

స్పేర్ డ్రైవరు, అంటే ఎవరైనా రాకపోతే నడపడానికి ఉంచే మనిషి, ఇంటి దగ్గర నుంచి రావాలి. బండి ఆలస్యమైంది. ఇంతలో పున్నయ్య గారు వచ్చారు. జరిగింది చెప్పాను.

"ఇంకేం, తనే ఒప్పుకున్నాడుగా! పంపించెయ్."

"ఒప్పుకున్నందుకు పంపిస్తే రేపటినుంచి ఈ షెడ్డులో ఎవడూ ఒప్పుకోడండి. మిర్చి అయిపోయేదాకా నా ముక్కు పనిచెయ్యదు. అప్పటిదాకా బళ్లు ఏ ధైర్యంతో పంపిస్తారు? తాగి నడిపితే తీసెయ్యండి. తాగాను, నడపను అన్నవాణ్ణి తీసేస్తే ఇక మిగిలేది దొరకకుండా తాగేవాళ్లే."

ఆయన మొహం గంటు పెట్టుకున్నారు. బస్సు కిటికీలోంచి రత్తమ్మ తల బయటపెట్టింది.

"అయ్యా, బండి ఆలస్యమైతే చీరాల్లో మంచి చేపలు అయిపోతయ్, అంతే. ఆ రోజు కూడా ఆయన ఇట్టా చెప్పినట్టయితే నా చెయ్యి తిన్నగా ఉండేది. ఉండనియ్యండి ఆయన్ని."

పున్నయ్య గారు ఆవిడ వంకా, ఆవిడ మణికట్టు వంకా చూశారు. "ఇవాళ బళ్లు కడగమను. రేపు రమ్మను" అని గదిలోకి వెళ్లిపోయారు.

అప్పటిదాకా నాది ఒకటే వాదం: ప్రమాణం ఒట్టి మాట, పరీక్ష నిజం. ప్రమాణం సంగతిలో నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. పరీక్ష సంగతిలో మాత్రం ఆ ఉదయం దాన్ని మార్చేసింది. పరీక్ష తాగినవాణ్ణి పట్టుకోగలదు, అదీ ముక్కు బాగుంటే. రోజూ ఒక మనిషి ఎదుట నిలబడి, చెబితే వింటారన్న నమ్మకం కుదిరితే, పట్టుకోవాల్సిన అవసరమే కొన్నాళ్లకు తగ్గుతుంది. తర్వాత నా చేతికింద ఎందరు డ్రైవర్లు పనిచేసినా, నేను మొదట అడిగింది "ఇవాళ నడపగలరా?" అనే. నడపలేనన్నవాణ్ణి ఎప్పుడూ ఇంటికి పంపలేదు, బండి కడగమన్నాను.

సెల్ఫ్ స్టార్టర్లు వచ్చి హ్యాండిళ్లు పాత ఇనుములోకి పోయాయి. ఆ చల్లటి కడ్డీ బరువు మాత్రం నా అరచేతికి ఇంకా గుర్తే.

బళ్లు కడిగిన మర్నాడు బసవయ్య వచ్చి, యథాప్రకారం నోరు తెరిచాడు. నేను వంగి, ఆయన మొహం మీదే గట్టిగా తుమ్మాను.

"పాసయ్యానా అండీ?" అన్నాడు మొహం తుడుచుకుంటూ.

హ్యాండిల్ ఇచ్చాను. తీసుకున్నాడు.