ఇంటిల్లిపాదీ ఒకే పడవ ఎక్కకూడదు

ఆ రోజుల్లో థీమ్ పార్కుకి ఎలా వెళ్లాలో సలహాలు చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడైతే ఫోన్ తీస్తే చాలు, ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా గేటు తెరవకముందే చేరుకోండి, నూలు బట్టలు వేసుకోండి, పెద్ద రైడ్లు పొద్దున్నే ఎక్కేయండి అని గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తున్నారు. వాళ్లలో ఒక్కరైనా భయమేస్తే ఎలా తప్పించుకోవాలో చెబుతారేమోనని నేను ఇప్పటికీ చివరిదాకా వింటాను. చెప్పరు. ఓ పుష్కరం కిందట మా ఇంటి ప్రయాణానికి ప్లాను వేసింది నేనే కాబట్టి, ఆ విషయం మీద నాలుగు ముక్కలు చెప్పే హక్కు నాకుందనుకుంటాను. నా ప్లానుకి ఉన్న లక్ష్యం ఒక్కటే, ఎవరేం ఎక్కినా నేను మాత్రం నేల మీదే ఉండాలి.

అప్పుడు నేను అమలాపురంలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో కొత్తగా టీచరుగా చేరాను. ఉప్పలగుప్తం దగ్గర మా ఊరి నుంచి రోజూ ఆటోలో వెళ్లి వచ్చేదాన్ని. ఇంట్లో అమ్మ, నాన్నని కన్న మామ్మ, హైస్కూల్లో చదివే తమ్ముడు. నాన్న కువైట్‌లో ఉండేవాడు. ఎత్తైన మేడలకి బయటివైపు రంగులు వేసే పని. తాళ్లకి వేలాడే పలక మీద నిలబడి, బొటనవేలు పైకెత్తి నవ్వుతున్న ఆయన ఫొటో ఒకటి మా తమ్ముడి ఫోన్లో ఉండేది. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ వాడు దాన్ని చూపించి, "మా నాన్నకి భయమంటే ఏంటో తెలీదండీ" అని చెప్పేవాడు.

కువైట్‌కి ఫోన్లు చేసే ఇళ్లలో ఒక పద్ధతి ఉంటుంది. చెడ్డ మాట ఫోన్లో చెప్పకూడదు. మామ్మకి జ్వరం వస్తే తగ్గాకే చెప్పాలి. గేదె పోతే అమ్మేశామనాలి. అటువైపు నుంచీ అంతే, "నాకేంటి, హాయిగా ఉన్నాను" తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. నా చిన్నప్పుడు మా ఊరి జాతరలో, మేం తీర్థం అంటాం, రంగులరాట్నం ఎక్కాను. అది సగం తిరగకముందే నేను పెట్టిన కేకలకి తిప్పేవాడు హడలిపోయి, ఆపేసి, నన్ను చంకనెత్తుకుని దింపాడు. పద్ధతి ప్రకారం ఆ సాయంత్రం అమ్మ ఫోన్లో, "అమ్మాయి రాట్నం ఎక్కిందండీ, ఎంచక్కా కూర్చుంది" అని చెప్పింది. (ఎక్కిన మాట, కూర్చున్న మాట నిజమే కదా.) నాన్న పొంగిపోయి గదిలోవాళ్లందరికీ చెప్పుకున్నాడట. ఆనాటి నుంచీ కువైట్‌లో నేనొక ధైర్యవంతురాలిని. అంత దూరంలో ఉన్న మనిషి కూతురి గురించి గొప్పగా చెప్పుకునే మాట అదొక్కటే. అది ఉత్తదేనని తెలిస్తే ఆయన మొహం ఏమైపోతుందోనన్నదే నా భయం. ఎత్తంటే భయం దాని తర్వాతే.

ఆ వేసవిలో నాన్న సెలవు మీద వచ్చాడు. వచ్చిన రెండో పూటే, అన్నం ముందు కూర్చుని, "ఈసారి అందరం హైదరాబాద్‌లో ఆ పార్కుకి పోదాం. చిట్టీ, ప్లాను నువ్వు వెయ్యమ్మా, టీచరువి కదా" అన్నాడు. నేను తలూపేలోపే, "అక్కడ పెద్ద రాట్నం ఉందంట. మనిద్దరం ఎక్కాలి" అన్నాడు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పప్పుచారు బాగుందని అన్నాను. ఆ పూట పప్పుచారు లేదు.

ఆలోచించగా ఆలోచించగా మామ్మ గుర్తొచ్చింది. మామ్మ పుట్టింది కపిలేశ్వరపురం వైపు గోదావరి మధ్యనున్న ఒక లంకలో. వరదొస్తే ఇల్లు వదిలి పడవలో దాటాలి. వాళ్లింట్లో ఒక కట్టుబాటు ఉండేది, ఇంటిల్లిపాదీ ఒకే పడవ ఎక్కకూడదు. సగం మంది దాటాక, పడవ తిరిగొస్తే మిగతా సగం. లంక వదిలి ఎన్నేళ్లయినా మామ్మ ఆ కట్టుబాటు వదల్లేదు. పెళ్లికి వెళ్లినా రెండు ఆటోలు. ఆఖరికి బట్టల కొట్లో లిఫ్టు ఎక్కినా రెండు విడతలే. నేను మెల్లిగా పక్కన చేరి, "మామ్మా, రైడ్లు కూడా పడవల్లాంటివే కదా" అని అంటించాను. మామ్మ కాస్త ఆలోచించి, "ఆయ్, మరంతే కదే. సగం మంది ఒడ్డున ఉండాల్సిందే" అంది. ఒడ్డున ఉండే జట్టులో ఆడవాళ్లుంటారు, సంచులు కాస్తారు, అందులో నేనుంటాను అని లెక్కేసుకుని ఆ రాత్రి సుఖంగా నిద్రపోయాను. (సలహా: పెద్దవాళ్ల కట్టుబాటుని వాడుకునే ముందు అది మొత్తం విని తీరాలి.)

ఎందుకంటే ఆ కట్టుబాటుకి రెండో సగం ఉంది. బస్సు ఎక్కేముందు మామ్మ జట్లు కట్టింది. "సంపాదించేవాడూ వంశం నిలబెట్టేవాడూ ఒక పడవలో ఉండకూడదు. మనవడు వాళ్లమ్మతో ఎక్కుతాడు. మా అబ్బాయితో ఎవరో ఒకరు తోడుండాలి కదా, నువ్వెళ్లవే పిల్లా" అంది. అంటే నేనేమైనా పరవాలేదన్నమాట. అమ్మా తమ్ముడూ కట్టుబాటు ప్రకారం వెనక బస్సులో వస్తుంటే, ఆ మాట మీద మామ్మతో రావులపాలెం దాకా దెబ్బలాడాను. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది. ఆవిడ మాత్రం నిశ్చింతగా కిటికీ పక్కన కూర్చుని, "ఏంటే నీ గోల, మీ నాన్నే అన్నాడు కదా నీకు భయం లేదని" అంది.

పార్కు గేటు దగ్గర ఒక చిన్న ఆశ పుట్టింది. బయట తిండి లోపలికి తేకూడదని అక్కడి కుర్రాడు మామ్మ సంచీ ఆపాడు. అందులో పులిహోర, చేగోడీలు, పెరుగన్నం, నాలుగు లేత కొబ్బరి బొండాలు. "ఇది బయట తిండి కాదు బాబూ, ఇంట్లో చేసిందే. కావాలంటే తిని చూడండి" అని మామ్మ ఎంతో మర్యాదగా గిన్నె మూత తీసింది. గొడవై అందరం వెనక్కి పోతామేమోనని నేను దేవుణ్ణి తలుచుకున్నాను. ఆ కుర్రాడు మాత్రం సంచీని తన బల్ల కింద పెట్టుకుని, సాయంత్రం ఇస్తానని మాటిచ్చాడు. (ఇచ్చాడు కూడా. చేగోడీలు కొంచెం తగ్గాయి.)

పొద్దంతా ఎలాగో గడిపాను. నీళ్లలో జారే బల్ల దగ్గర చెప్పులు కాశాను. గుండ్రంగా తిరిగే కప్పుల దగ్గర కడుపులో తిప్పుతోందన్నాను. పెద్ద రాట్నం మాత్రం ఎక్కడ నిలబడినా కనిపిస్తూనే ఉంది. నాన్న కూడా ఆ వైపు చూసి, ఊరికే చొక్కా సర్దుకుంటున్నాడు. ఎప్పుడెక్కుదామా అన్న తొందరేమో అనుకున్నాను. మధ్యాహ్నం దాటాక తమ్ముడు, "నాన్నా, రాట్నం" అని చెయ్యి పట్టుకుని లాగాడు. మామ్మ వెంటనే అడ్డుపడి, "ముందు అబ్బాయీ, పిల్లా" అంది. అమ్మ నా వంక జాలిగా చూసింది. తీర్థంలో జరిగింది ఆవిడకి గుర్తుంది. పాపం, చెప్పే దారి లేదు.

మా ఇద్దర్నీ ఒక బల్ల మీద కూర్చోబెట్టి, ముందు ఒక ఇనప కమ్మీ వేశారు. నాన్న ఆ కమ్మీని రెండు సార్లు లాగి చూశాడు. రాట్నం లేచింది. మామ్మ తెల్లటి తల చిన్నదైపోయింది. నాకు కాళ్ల కింద ఏమీ లేదు, నోట్లో తడి లేదు. కేక పెట్టకూడదు, కేక పెట్టకూడదు అనుకుంటూ పెదవి కొరుక్కున్నాను. సరిగ్గా పైకి వెళ్లాక, కింద ఎవర్నో ఎక్కించుకోవడానికి రాట్నం ఆగింది. గాలికి బల్ల ముందుకీ వెనక్కీ ఊగింది. ఇంక నా వల్ల కాదు, నిజం చెప్పేద్దామని నాన్న వైపు తిరిగాను.

నాన్న కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. కమ్మీ పట్టుకున్న వేళ్లు తెల్లబడిపోయాయి. నుదుటి మీద చెమట చెవుల దాకా కారుతోంది.

"నాన్నా" అన్నాను.

"ఏం లేదమ్మా. కదలకు" అన్నాడు. కళ్లు తెరవకుండానే, "నాకు ఎత్తంటే భయం చిట్టీ. మీ అమ్మకి తెలీదు" అన్నాడు.

"మరి అక్కడ..."

"అక్కడ గోడుంటుంది కదా. కిందకి చూడను. గోడ వంకే చూస్తాను, రంగు ఎక్కడిదాకా వచ్చిందో అదే చూసుకుంటాను. ఇక్కడ గోడ లేదు." కొంచెం నవ్వబోయాడు. "నీకు సరదా అని ఎక్కేను. మీ అమ్మ చెప్పింది కదా, నీకు రాట్నమంటే ఇష్టమని."

"నాక్కూడా భయమే నాన్నా. ఆ రోజు కేకలేస్తే దింపేసేరు" అన్నాను.

ఆయన ఒక కన్ను తెరిచి నన్ను చూశాడు. మొహం ఏమైపోతుందోనని ఇన్నేళ్లూ బెంగపడ్డానే, ఏమీ కాలేదు. కమ్మీ మీద నుంచి ఒక చెయ్యి తీసి నా చెయ్యి పట్టుకున్నాడు. చేతులు వదలకుండానే ఇద్దరం కిందకి వచ్చాం.

దిగగానే మామ్మ, "ఎలా ఉందిరా అబ్బాయీ?" అని అడిగింది. "ఏముందమ్మా, మా కువైట్ మేడల ముందు ఇదెంత" అన్నాడు నాన్న, బొటనవేలు పైకెత్తి. నేను పక్కన నిలబడి అవునవునన్నాను.

తర్వాత అమ్మా, తమ్ముడూ ఎక్కాలి. నాన్న మొహం చూసిందో, రాట్నం చూసిందో, అమ్మ తల తిరుగుతోందని కూర్చుండిపోయింది. తమ్ముడు, "అయితే నాన్నతోనే ఎక్కుతాను" అని మొరాయించాడు. మామ్మ కుదరదంది. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాన్న అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని, "పరవాలేదమ్మా, ఒక్కసారికి. పదరా" అని లేచాడు. ఆ అరచేతుల్ని చూశాను. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీదు. "నువ్వు కూర్చో నాన్నా. నేను ఎక్కుతాను. నాకు ఒకసారి సరిపోలేదు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందని తెలిసేసరికి కమ్మీ వేసేశారు.

పైన రాట్నం మళ్లీ ఆగింది. తమ్ముడు రెండు చేతులూ వదిలేసి, "అక్కా, నాన్న కనబడుతున్నాడు, చెయ్యి ఊపుతున్నాడు" అని కేరింతలు కొడుతున్నాడు. నేను చూడలేదు. గోడ లేదు కాబట్టి వాడి చెవి వంక చూస్తూ కూర్చున్నాను. వాడి చెవి వెనకాల ఒక పుట్టుమచ్చ ఉందని ఆ రోజే తెలిసింది.

సెలవు అయిపోయి నాన్న వెళ్లే రోజు వచ్చింది. అమలాపురం బస్టాండులో ప్రతిసారీ ఉండే తంతే. తమ్ముడు వాచీ కావాలన్నాడు. మామ్మ వేళకి తినమంది. అమ్మ సంచీ జిప్పు మళ్లీ ఒకసారి లాగి చూసింది. నా వంతు వచ్చింది. ప్రతిసారీ నేను సెంటు బాటిలు అడిగేదాన్ని. ఆసారి దగ్గరికి వెళ్లి, ఎవరికీ వినబడకుండా, "కిందకి చూడకు నాన్నా" అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, అమ్మ వినలేదు కదా అని అటు ఒకసారి చూసి, "ఆయ్" అని బస్సెక్కాడు.

ఆ తర్వాత నాలుగేళ్లకి ఆయన క్షేమంగా ఇంటికి వచ్చేశాడు. ఇప్పుడు ఇంట్లో బల్బు మార్చడానికి కూడా తమ్ముణ్ణే పిలుస్తాడు. బస్సు మలుపు తిరిగేదాకా బస్టాండులో నిలబడిన ఆ కొత్త టీచరమ్మని తలుచుకుంటే మాత్రం నాకు నవ్వొస్తుంది. అన్నేళ్లూ ఆ ఎత్తున నిలబడి అన్నం సంపాదించిన మనిషికి, ఎలా నిలబడాలో తనే నేర్పి పంపించినట్టు ఎంత ధీమాగా చెయ్యి ఊపిందో.