మావయ్య ఎండలో పెట్టిన ల్యాప్‌టాప్

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: కంప్యూటర్లు బాగుచేసేవాడికి పిల్లనివ్వడానికి ఎవరూ వెనకాడరని. రాయపూర్‌లో ఒక ల్యాప్‌టాప్ సర్వీస్ షాపులో కొత్తగా చేరాను. మెడలో పెన్‌డ్రైవ్ వేలాడేసుకుని తిరిగేవాణ్ని (స్నానానికి మాత్రం తీసేవాణ్ని). అక్కడి పండరీ బజారులో హోల్‌సేల్ బట్టల కొట్టు నడిపే మా మావయ్య మాత్రం నన్ను చూసినప్పుడల్లా "ఏట్రా, ఇంకా స్క్రూలే తిప్పుతన్నావా?" అని నవ్వేవాడు. ఆయన కూతురంటే నాకు ప్రాణం. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన ఊ అనడమే తరువాయి.

అలాంటి సమయంలో మరదలి ల్యాప్‌టాప్ మూలపడింది. మిషన్‌ను నిద్రలేపే లోపలి ప్రోగ్రామును, అదే బయోస్‌ను, అప్‌డేట్ చేస్తుంటే మధ్యలో కరెంటు పోయి, బ్యాటరీ కూడా అయిపోయిందట. మర్నాడు కాలేజీలో ఇవ్వాల్సిన ప్రాజెక్టంతా అందులోనే ఉంది. ఆమె ఏడుపుమొహం చూడలేక మావయ్యే ఫోన్ చేశాడు. ఇదే అదను అనుకుని పరుగెత్తాను. కంపెనీవాళ్ల సైటు నుంచి ఆ మోడల్‌కు సరిపడే ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, చార్జర్ పెట్టి, రెండు మీటలు నొక్కిపట్టి పవర్ బటన్ నొక్కాను. ఫ్యాను గుర్రుమంది. తెర మాత్రం నలుపే. "ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాను పెద్ద డాక్టరులా. లోపల నా గుండె ఆ ఫ్యాను కంటే జోరుగా కొట్టుకుంటోంది. చాలాసేపటికి కంపెనీ బొమ్మ వెలిగింది. ప్రాజెక్టు భద్రంగా ఉంది. మరదలు నవ్వింది.

అక్కడితో లేచి వచ్చేస్తే బాగుండేది. గొప్ప కోసం కంపెనీవాళ్ల పరీక్ష ప్రోగ్రాము కూడా నడిపాను. అది తెరంతా ఒక్కో రంగు నింపి, సరిగా ఉందా అని అడుగుతుంది. ఎరుపు వచ్చింది, ఔనని నొక్కాను. పచ్చ వచ్చింది, ఔనన్నాను. నీలం వచ్చేసరికి మావయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆగరా. ధూప్‌లో సూడకుండా మాల్ పాస్ సేసేస్తావేటి?" (పండరీలో ఏ తానునైనా గుమ్మం బయట ఎండలో పరిచి చూశాకే ఖాయం చేస్తారు.) చార్జర్ పీకి, ల్యాప్‌టాప్‌ను పసిపిల్లలా ఎత్తుకుని వాకిట్లోకి నడిచాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఏ తెరకైనా రంగేముంటుంది? "వెలిసిపోయింది. కచ్చా రంగు" అంటూ తనే కాదని నొక్కాడు. డిస్‌ప్లే ఫెయిల్ అని వచ్చింది. "సూశావా, మిషనే ఒప్పుకుంది."

ఎండకూ తెరకూ ఉన్న సంబంధం గురించి నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. ఎవరూ వినలేదు. "పనోడే గానీ, సూడకుండా అన్నిటికీ ఔనంటాడు. ఇలాంటోడు సంసారం ఏటి సేస్తాడు?" అని మావయ్య తేల్చేశాడు. నా ప్రాణం ఉసూరుమంది. మరదలు ల్యాప్‌టాప్ అందుకుని, తలెత్తకుండానే అంది: "నాకు అలాంటోడే కావాల నాన్నా."

మావయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వే మాకు ముహూర్తమైంది. ఆ సాయంత్రం నేను ఊరి చివర భన్‌పురి దాకా సైకిల్ మీద ఈలవేసుకుంటూ వెళ్లాను, పిల్ల నా మీద ప్రేమకొద్దీ ఆ మాట అందనుకుని. అది ప్రేమ ఒక్కటే కాదు, బోలెడు ముందుచూపు కూడా అని పెళ్లయ్యాక గానీ తెలియలేదు. ఆ ఈలవేసే అమాయకుడు ఇప్పుడు ఎదురుపడితే ఏమీ చెప్పను, కాసేపు వేసుకోనిస్తాను.