పద్నాలుగో మిషను ముప్ఫై ఎనిమిది సెకన్లు

చొక్కాల ఫ్యాక్టరీల్లో ఆమెను అందరూ గడియారం అక్క అంటారు. మెడలో స్టాప్‌వాచీ వేసుకుని, కుట్టేవాళ్ల వెనక నిలబడి, ఒక్కో ముక్కకు ఎన్ని సెకన్లు పడతాయో పదేసిసార్లు రాసుకుంటుంది. ఆ లెక్కను బట్టే రోజుకు ఎన్ని కుట్టాలో మేనేజరు నిర్ణయిస్తాడు. ఇరవై ఏళ్లలో ఆమె గమనించింది ఒకటే: ఏ చెయ్యీ రెండుసార్లు ఒకేలా నడవదు. దారం తెగుతుంది, తుమ్ము వస్తుంది, ఇల్లు గుర్తొస్తుంది.

బదిలీ మీద కొత్త ఫ్యాక్టరీకి వచ్చిన వారానికి, ఓ పొద్దున పద్నాలుగో మిషను మీద కాలర్లు కుట్టే పెద్దావిడను కొలిచింది. ముప్ఫై ఎనిమిది. పదిసార్లూ ముప్ఫై ఎనిమిదే. భయమేసి, కొలవడం అయిపోయిందని కూడా చెప్పకుండా వచ్చేసింది.

ఆ అంకె చూసి మేనేజరు మాత్రం ఎగిరి గంతేశాడు. "ఇంకేం మేడమ్! రేపట్నుంచి అందరికీ అదే. అందుకోలేనివాళ్లు ఇంటికే."

లైన్లో ముప్ఫై మంది. అందుకోగలిగేది ఆవిడొక్కతే.

భోజనాల వేళ అందరూ లేచినా ఆవిడ లేవలేదు. పక్క మిషను మీద పనిచేసే కూతురే తినిపిస్తోంది. పాదం పెడల్ తొక్కుతూనే ఉంది.

"ఎన్నాళ్లుగా ఇలా?"

"మూడేళ్లక్కా. మీకు ముందున్న సారు కొలుస్తూ కొలుస్తూ మధ్యలో బయటికెళ్లారు, మళ్లీ రాలేదు. 'అయిపోయింది, ఇక మీ ఇష్టం' అని చెప్పాలిగా? చెప్పలేదు. ఇంట్లో గిన్నెలు తోమినా ఇదే లెక్క. నిద్రలోనూ పాదం ఆడుతుంది."

"మీరెవరైనా చెప్పొచ్చుగా?"

"చెప్పి చెప్పి నోళ్లు పడిపోయాయి. వాచీ ఉన్నవాళ్ల మాటే వినబడుతుంది అమ్మకి."

పొద్దున తనూ ఆ మాట అనలేదని అక్కకు అప్పుడు తట్టింది. ఇప్పుడు ఆ మాట అంటే మేనేజరు ముచ్చటపడ్డ అంకె పోతుంది. దాంతో తన ఉద్యోగం కూడా పోవచ్చు. అయినా వాచీ మీట నొక్కింది.

"అయిపోయింది పెద్దమ్మా. ఇక మీ ఇష్టం."

మిషను ఆగింది. ఆవిడ తలెత్తి కూతురి వంక చూసింది.

"ఇంత చిక్కిపోయావేమే?"

సాయంత్రం ఆవిడను మళ్లీ కొలిస్తే యాభై ఒకటి, అరవై, నలభై ఐదు. సగటు యాభై రెండు. అక్క ఆ కాగితాన్ని మేనేజరు బల్ల మీద పెట్టింది.

"పొద్దుటి అంకె ఏమైంది?"

"అది మనిషిది కాదు సార్."

"మరెవరిది?"

అక్క గది అద్దం వైపు చూసింది. అతను అద్దంలోంచి హాల్లోకి చూశాడు. ముప్ఫై మందీ చేతులు ఆపి ఇటే చూస్తున్నారు. ఒక్కరూ రెప్ప వెయ్యడం లేదు.

యాభై రెండు వేసి సంతకం పెట్టాడు.